కీబోర్డు మూగబోయినప్పుడు: తీర్పుకు ముందు విచారణ

ఒక శీతాకాలపు రాత్రి, ఇషా నమాజు ముగించుకుని మేము మద్రసా గదికి తాళం వేస్తుండగా, మా వీధి చివర దర్జీ దుకాణం నడుపుకునే సోదరుడొకరు వచ్చి నిలబడ్డారు. చేతిలో సంచి, ముఖంలో ఆందోళన.

"మౌలానా సాబ్, ఒక మస్‌అలా అడగాలి" అన్నారు.

"అడగండి భాయ్."

"మా పెద్దమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీకి ఇవ్వవలసిన ప్రాజెక్టు రిపోర్టుకు రేపు సాయంత్రమే గడువు. నిన్నటి నుంచి ల్యాప్‌టాప్ కీబోర్డు పనిచేయడం లేదు. బజారులో చూపిస్తే, మదర్‌బోర్డు పోయింది, బాగుచేసినా నిలవదు, కొత్తది తీసుకోండి, వాయిదాల మీద ఇప్పిస్తాము అన్నారు. వాయిదాలంటే వడ్డీ కలిసిన అప్పే కదా! పిల్ల చదువు ఆగిపోయే స్థితిలో అటువంటి అప్పు చేయవచ్చునా?"

ఫిఖ్‌హ్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు విద్యార్థులకు మొట్టమొదట నేర్పే పద్ధతి ఒకటి ఉన్నది. ప్రశ్న వినగానే జవాబు చెప్పరాదు. ఆ ప్రశ్న పుట్టిన పరిస్థితిని ముందుగా విచారించాలి. విషయ స్వరూపం తెలియకుండా చెప్పిన తీర్పు గాలిలో విసిరిన రాయి వంటిది. ఈ సోదరుని ప్రశ్నకు మూలం "మదర్‌బోర్డు పోయింది" అన్న ఒక్క మాట. ఆ మాట నిజమో కాదో తేలకుండా తక్కిన విషయానికి పోవడమెందుకు? అందుచేత, "మస్‌అలా తరువాత చూద్దాం. సంచిలో ఉన్నది ల్యాప్‌టాపే కదా, ముందు దానిని బయటికి తీయండి" అన్నాము.

మేము ఇంజనీరులము కాము. అయితే పన్నెండేళ్లుగా మా మద్రసాలో ప్రశ్నపత్రాలు, విద్యార్థుల హాజరు పట్టికలు, దాతల రసీదులు ఉర్దూలోనూ తెలుగులోనూ టైపు చేసే బాధ్యత మా భుజాల మీద ఉన్నది. దాతలు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లతోనే ఆ పని నడుస్తున్నది. పాతవి కనుక తరచు మొరాయిస్తాయి. కంప్యూటర్ల మరమ్మతు వృత్తిలో స్థిరపడిన మా పూర్వ విద్యార్థి ఒకరు సెలవులకు వచ్చినప్పుడల్లా మా పక్కన కూర్చుని, ఏది ముందు చూడాలో, ఏది తరువాత చూడాలో వరుసగా నేర్పారు. ఒకప్పుడు మేము పాఠం చెప్పిన పిల్లవాని వద్ద మేము నేర్చుకున్న పాఠమిది. ఆ వరుసనే పాఠకుల ముందుంచుతున్నాము. ఇది ముఖ్యంగా విండోస్ 10, విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌లకు వర్తిస్తుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి అవే.

మొదటి ప్రశ్న: ఆగినది యంత్రమా, కీబోర్డొక్కటేనా?

కీలు నొక్కితే అక్షరాలు రానప్పుడు మన చేయి వాటిని మరింత గట్టిగా, మరింత వేగంగా నొక్కుతుంది. దానివల్ల ప్రయోజనం లేదు. చేయి తీసి, టచ్‌ప్యాడ్ మీద వేలు జరపండి. తెరపై బాణం గుర్తు కదులుతున్నదా? మూలనున్న గడియారంలో నిమిషం మారుతున్నదా? రెండూ లేకపోతే కంప్యూటరు మొత్తం స్తంభించినట్లు. కొద్ది నిమిషాలు వేచి చూడండి. అప్పటికీ చలనం లేకపోతే పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు వదలకుండా నొక్కి ఉంచితే ఆరిపోతుంది. సేవ్ చేయని రాత పోవచ్చు. వేరే మార్గం లేనప్పుడే ఈ పని చేయాలి.

బాణం గుర్తు కదులుతుంటే యంత్రం బాగానే ఉన్నదని అర్థం. అప్పుడు అన్నిటికంటె ముందు చేయవలసినది మరమ్మతు కాదు, రాసినదానిని కాపాడుకోవడం. టచ్‌ప్యాడ్‌తోనే ఫైల్ మెనూ తెరిచి సేవ్ నొక్కండి. వర్డ్‌లో కొత్త ఫైలుకు పేరు అడిగితే, అది సూచించిన పేరునే ఉంచి సేవ్ చేయవచ్చు. పేరు తరువాత మార్చుకోవచ్చును.

ఇక క్యాప్స్ లాక్ కీ నొక్కి చూడండి. ఆ కీకి చిన్న దీపం ఉన్న ల్యాప్‌టాప్ అయితే, నొక్కిన ప్రతిసారీ అది వెలిగి ఆరితే, మీ వేలి కబురు కంప్యూటరుకు అందుతున్నట్లే. కీబోర్డు చావలేదు. అయితే దీపం వెలగనంత మాత్రాన కీబోర్డు పాడైందని నిర్ణయించరాదు. దాని కారణం ముందు చెబుతాము.

రెండవ ప్రయత్నం: షట్ డౌన్ కాదు, రీస్టార్ట్

"రాత్రి ఆపివేసి ఉదయం మళ్లీ పెట్టాము, అయినా అంతే" అని చాలామంది అంటారు. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. విండోస్ 10, 11లలో షట్ డౌన్ నొక్కినప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు సంపూర్ణంగా ఆగిపోవు. మరునాడు త్వరగా లేవడానికి వీలుగా విండోస్ తన లోపలి స్థితిలో కొంత భాగాన్ని డిస్కులో దాచుకుంటుంది. దీనికి ఫాస్ట్ స్టార్టప్ అని పేరు. లోపలి స్థితిలో ఏదైనా తప్పు ఉంటే, ఆ తప్పు కూడా దానితో పాటే దాగి, తెల్లవారి తిరిగి వస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడు అలా జరగదు. విండోస్ మొదటి నుంచి కొత్తగా మొదలవుతుంది. కనుక స్టార్ట్ బొమ్మ మీద నొక్కి, పవర్ గుర్తులో రీస్టార్ట్ ఎంచుకోండి. దీనికి కీబోర్డు అవసరం లేదు, టచ్‌ప్యాడ్ చాలు.

దానితో ఫలితం లేకపోతే మరొక మెట్టు. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డు సంగతి చూసుకునే చిన్న చిప్ ఒకటి మదర్‌బోర్డు మీద విడిగా ఉంటుంది. విండోస్ ఆగినా దానికి బ్యాటరీ నుంచి విద్యుత్తు అందుతూనే ఉంటుంది. అదే తడబడితే రీస్టార్ట్ ఒక్కటే సరిపోకపోవచ్చు. ల్యాప్‌టాప్‌ను షట్ డౌన్ చేసి, ఛార్జర్ తీసి, పెన్‌డ్రైవ్, మౌస్ వంటివన్నీ ఊడదీయండి. వెనుకవైపు బ్యాటరీ చేతితో తీయగలిగిన పాత మోడల్ అయితే దానిని కూడా తీయండి. తరువాత పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి ఉంచి వదలండి. బ్యాటరీ, ఛార్జర్ తిరిగి పెట్టి ఆన్ చేయండి. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ ప్రక్రియతో మా మద్రసా ల్యాప్‌టాప్ ఒకటి రెండుసార్లు కోలుకున్నది.

ఆ రాత్రి దర్జీ సోదరుని ల్యాప్‌టాప్‌కు ఈ రెండూ చేశాము. ఫలితం కనబడలేదు. ఆయన నిట్టూర్చారు. "బజారువాళ్లు చెప్పినదే నిజమేమో" అన్నారు.

మూడవది: నిగ్గు తేల్చే పరీక్ష

దోషం యంత్ర భాగంలో ఉన్నదా, విండోస్ అమరికలో ఉన్నదా? ఈ రెండింటినీ వేరుచేసే పరీక్ష ఒకటి ఉన్నది. మొత్తం వరుసలో మేము అత్యంత విలువైనదిగా భావించేది ఇదే.

ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ విండోస్‌కు ముందే లేచే చిన్న వ్యవస్థ ఉంటుంది. దాని అమరికల తెరను సెటప్ అనీ, బయోస్ అనీ అంటారు. అక్కడ విండోస్ ఇంకా రంగంలోకి రాలేదు. కాబట్టి అక్కడ కీబోర్డు పనిచేస్తే యంత్ర భాగం బాగున్నట్లు, దోషమంతా విండోస్‌లో ఉన్నట్లు. అక్కడ కూడా పనిచేయకపోతే దోషం కీబోర్డులోనో, దాని తీగలోనో, బోర్డులోనో ఉన్నట్లు అనుమానించాలి.

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, ఆన్ చేసిన మరుక్షణం నుంచి సెటప్ కీని వరుసగా తట్టుతూ ఉండాలి. డెల్, ఏసర్, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా అది ఎఫ్2. హెచ్‌పీలో ఎఫ్10 లేదా ఎస్కేప్. లెనోవోలో ఎక్కువగా ఎఫ్2 లేదా ఎఫ్1. సెటప్ తెర వచ్చిందంటే ఆ కీ పనిచేసినట్లే కదా! ఇక బాణం కీలతో పైకీ కిందికీ జరిపి చూడండి. అక్కడ ఏ అమరికనూ మార్చవద్దు. చూడటం ముగిసిన తరువాత మార్పులేవీ సేవ్ చేయకుండా బయటికి రండి.

ఆ రాత్రి మేము ఎఫ్2 తట్టగానే సెటప్ తెర వచ్చింది. బాణం కీలు నాలుగూ చక్కగా పలికాయి. మదర్‌బోర్డు మీద బజారులో వచ్చిన తీర్పు అక్కడితో వీగిపోయింది. సోదరునికి ఆ తెర చూపించి, "భాయ్, చూడండి. మీ కీబోర్డు బతికే ఉన్నది. దాని మాటను విండోస్ వినడం లేదు, అంతే" అన్నాము.

నాలుగవది: విండోస్ ఎందుకు వినడం లేదు?

సెటప్‌లో పనిచేసి, విండోస్‌లో పనిచేయని కీబోర్డుకు సామాన్యంగా నాలుగు కారణాలుంటాయి.

మొదటిది ఫిల్టర్ కీస్. చేతులు వణికేవారు టైపు చేసేటప్పుడు వేలు పొరపాటున తగిలిన కీలన్నీ అక్షరాలై పడకుండా విండోస్‌లో చేసిన ఏర్పాటిది. ఇది ఆన్ అయితే క్షణకాలం తట్టిన కీలను విండోస్ లెక్కచేయకపోవచ్చు. కొంతసేపు నొక్కి ఉంచితేనే అక్షరం వస్తుంది. వృద్ధులకూ, చేతి జబ్బులున్నవారికీ ఇది మేలు చేసే ఏర్పాటే. కాని తెలియక ఆన్ అయితే కీబోర్డు చచ్చినట్లే కనబడుతుంది. క్యాప్స్ లాక్ దీపం కూడా వెలగదు. మేము పైన చెప్పిన కారణమిదే. ఇది ఎలా ఆన్ అవుతుందంటే, కుడివైపు షిఫ్ట్ కీని ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే చాలు. తెరపై చిన్న పెట్టె వచ్చి అనుమతి అడుగుతుంది. చదవకుండా ఎంటర్ కొట్టేవారే ఎక్కువ.

దీనిని తెలుసుకోవడం సులభం. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక అక్షరం కీని నొక్కి, మూడు నాలుగు సెకన్లు వదలకుండా ఉంచండి. అక్షరం ప్రత్యక్షమైతే దోషి దొరికినట్లే. విండోస్ 11లో సెటింగ్స్ తెరిచి, యాక్సెసబిలిటీలో కీబోర్డ్ అన్న చోట ఫిల్టర్ కీస్ ఆపివేయండి. విండోస్ 10లో అదే విభాగం పేరు ఈజ్ ఆఫ్ యాక్సెస్. షిఫ్ట్ నొక్కితే ఆన్ అయ్యే షార్ట్‌కట్‌ను కూడా అక్కడే తీసివేస్తే మళ్లీ ఈ బాధ ఉండదు. ఆపిల్ మ్యాక్‌లో ఇటువంటి ఏర్పాటునే స్లో కీస్ అంటారు. అది కూడా యాక్సెసబిలిటీలోనే ఉంటుంది.

రెండవది స్టికీ కీస్. షిఫ్ట్ కీని ఐదుసార్లు వెంటవెంటనే తట్టితే ఇది ఆన్ కావడానికి అనుమతి అడుగుతుంది. ఇది ఆన్ అయిన తరువాత కంట్రోల్, ఆల్ట్ వంటి కీలను ఒకసారి తట్టినా అవి నొక్కి ఉన్నట్లే లెక్క. అప్పుడు అక్షరం కొడితే అక్షరం రాక, మరేదో పని జరుగుతుంది. కంట్రోల్ లేదా విండోస్ కీ కింద చెత్త ఇరుక్కుని అది పైకి లేవకపోయినా ఇదే లక్షణం కనబడుతుంది. కనుక ఆ కీలను ఒక్కొక్కటిగా తట్టి, స్వేచ్ఛగా పైకి లేస్తున్నాయో లేదో గమనించండి.

మూడవది భాష. మన ఇళ్లలో ఒకే ల్యాప్‌టాప్‌లో ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ, ఒక్కొక్కచోట అరబీ కూడా ఉంటాయి. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. పొరపాటున ఇది జరిగి, పాస్‌వర్డ్ చోట ఇంగ్లీషుకు బదులు వేరే అక్షరాలు పడుతుంటే, అక్కడ చుక్కలే కనబడతాయి గనుక "పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు, కీబోర్డు పోయింది" అనుకుంటాము. తెర కింది కుడిమూలన ఏ భాష పేరు ఉన్నదో ముందు చూడాలి. కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ ఆన్ అయితే కుడివైపు అక్షరాల కీలు అంకెలను ఇస్తాయి. అది కూడా ఇటువంటి భ్రమే.

నాలుగవది డ్రైవర్. కీబోర్డుకూ విండోస్‌కూ నడుమ దుబాసీగా పనిచేసే చిన్న ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. ఒక్కొక్కసారి అప్‌డేట్ తరువాత అది చెడిపోతుంది. స్టార్ట్ బొమ్మ మీద టచ్‌ప్యాడ్ కుడి బటన్ నొక్కి, డివైస్ మేనేజర్ తెరవండి. అందులో కీబోర్డ్స్ అన్న పంక్తిని విప్పి, ల్యాప్‌టాప్ కీబోర్డు మీద కుడి బటన్ నొక్కి, అన్‌ఇన్‌స్టాల్ డివైస్ ఎంచుకుని, వెంటనే రీస్టార్ట్ చేయండి. విండోస్ లేస్తూనే డ్రైవర్‌ను తనంతట తానే తిరిగి అమర్చుకుంటుంది. ఈ పనికి ముందు ఒక యూఎస్‌బీ కీబోర్డు దగ్గర ఉంచుకోవడం క్షేమం. ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ ఉండి, కీబోర్డు లేవడం ఆలస్యమైతే అది ఆదుకుంటుంది.

దర్జీ సోదరుని ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి ఒక కీ మీద వేలు ఉంచాము. ఒకటి, రెండు లెక్కించేలోగా తెరపై అక్షరం పడింది. ఆయన ఫోను తీసుకుని అమ్మాయితో మాట్లాడాము.

"బేటీ, నిన్న టైపు చేసేటప్పుడు తెర మీద చిన్న పెట్టె ఏదైనా వచ్చిందా?"

"వచ్చింది హజ్రత్. తరువాతి వాక్యం ఏం రాయాలా అని ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలు ఉంచేశాను. ఏదో ఇంగ్లీషులో వచ్చింది. అడ్డమని ఎంటర్ కొట్టేశాను."

ఫిల్టర్ కీస్ ఆపివేసి, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాము. ఆయన ఒక్కొక్క కీని వేలితో తట్టుతూ తన కుమార్తె పేరు ఇంగ్లీషులో టైపు చేశారు. అక్షరాలన్నీ పడ్డాయి. అల్‌హమ్దులిల్లాహ్ అని గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఐదవది: యంత్ర భాగమే పాడైతే

ప్రతి ఇంటి కథా ఇంత సులభంగా ముగియదు. సెటప్ తెరలో కూడా కీలు పలకకపోతే, లేదా కొన్నే పలికి కొన్ని పలకకపోతే, దోషం యంత్ర భాగంలోనే ఉండే అవకాశం ఎక్కువ.

కీబోర్డులో ఒక్కొక్క కీకి ఒక్కొక్క తీగ ఉండదు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని గీతలు వల వలె అల్లుకుని ఉంటాయి. కీ నొక్కినప్పుడు ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలుస్తాయి. ఏవి కలిశాయో చూసి ఏ అక్షరమో కంప్యూటరు గ్రహిస్తుంది. అందుచేత ఒక గీత తెగితే దాని మీదనున్న కీలన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్లు కనబడే నాలుగైదు కీలు కలిసికట్టుగా ఆగితే కారణం సాధారణంగా ఇదే. ఒకే ఒక్క కీ ఆగితే దాని కింద ధూళి, బిస్కెట్టు పొడి, వెంట్రుక వంటివి చేరి ఉండవచ్చు. ల్యాప్‌టాప్ ఆపి, కొద్దిగా వంచి పట్టుకుని, మెత్తని బ్రష్‌తో దులపండి. మొత్తం కీబోర్డు ఆగితే, దానిని మదర్‌బోర్డుతో కలిపే చదునైన సన్నని తీగపట్టీ వదులై ఉండవచ్చు. అది ల్యాప్‌టాప్ విప్పితే గాని కనబడదు. ఆ పని తెలిసినవారికే అప్పగించాలి.

మరొక హెచ్చరిక. టచ్‌ప్యాడ్ ఉబ్బి నొక్కుడుకు బిగుసుకుపోయినా, కీబోర్డు నడుమ పైకి లేచినా, బల్ల మీద పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ సమంగా కూర్చోకుండా ఊగినా, లోపలి బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించండి. అది కీబోర్డును కింది నుంచి నెట్టుతుంది. ఉబ్బిన బ్యాటరీ మంటలకు దారితీయగలదు. వెంటనే ఆపివేసి, ఛార్జింగు పెట్టకుండా, దానిని వత్తకుండా, పొడవకుండా తెలిసినవారి వద్దకు చేర్చాలి. పిల్లల చేతికి ఇవ్వరాదు.

ఇక చాయ్ సంగతి. మన ఇళ్లలో ల్యాప్‌టాప్ పక్కన చాయ్ కప్పు లేని సాయంత్రం అరుదు. ఒలికిన మరుక్షణం ఛార్జర్ లాగివేసి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపివేయాలి. రాసినది పోతుందని సంకోచించరాదు. తెర విప్పి, కీబోర్డు కిందికి ఉండేటట్లు గుడారం వలె బోర్లించి, గుడ్డ మీద ఉంచాలి. తడి ఆరకుండా "పనిచేస్తున్నదా" అని ఆన్ చేసి చూడటమే చాలా ల్యాప్‌టాప్‌ల ప్రాణం తీస్తుంది. కనీసం ఒకటి రెండు రోజులు ఆగాలి. జుట్టు ఆరబెట్టే యంత్రపు వేడి గాలి పట్టరాదు. బియ్యంలో పూడ్చినందువల్ల లాభం లేదు, సరికదా గింజలూ దుమ్మూ రంధ్రాలలో చేరతాయి. నీరైతే ఆరిన తరువాత బాగుపడే ఆశ ఉన్నది. పాలూ చక్కెరా కలిసిన చాయ్ జిగటగా మిగిలి, లోపలి లోహాన్ని క్రమంగా తినివేస్తుంది. కనుక చాయ్ ఒలికితే ఆన్ చేయకుండానే విప్పించి శుభ్రం చేయించడం మేలు.

పాడైందని తేలినా తొందర వద్దు

అన్ని పరీక్షలూ ముగిసి, లోపలి కీబోర్డు నిజంగానే పోయిందని తేలినదనుకుందాం. అప్పటికీ ల్యాప్‌టాప్ పోయినట్లు కాదు. మూడు నాలుగు వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ కీబోర్డు తెచ్చి తగిలిస్తే చాలావరకు ఆ క్షణం నుంచే పని సాగుతుంది. పొరుగింటిలో డెస్క్‌టాప్ ఉంటే ఆ రాత్రికి వారి కీబోర్డు అడిగి తెచ్చుకోవచ్చు. అది కూడా దొరకని వేళ విండోస్‌లోనే తెర మీద కనబడే కీబోర్డు ఉన్నది. సెటింగ్స్‌లో యాక్సెసబిలిటీ, కీబోర్డ్ విభాగంలోనే దానిని ఆన్ చేయవచ్చు. పాస్‌వర్డ్ అడిగే తెరలో కూడా కింది మూలనున్న యాక్సెసబిలిటీ గుర్తు నొక్కితే అది లభిస్తుంది. టచ్‌ప్యాడ్‌తో ఒక్కొక్క అక్షరం నొక్కుతూ పాస్‌వర్డ్ ఇచ్చి, ఫైలు తెరిచి, మెయిలులో పంపడానికి అది చాలు.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది మరొకటి. మీ రాతలు, ఫోటోలు, లెక్కలు ఏవీ కీబోర్డులో ఉండవు. అవి డిస్కులో ఉంటాయి. కీబోర్డు మార్చడానికి డిస్కును ఫార్మాట్ చేయవలసిన అవసరం లేనే లేదు. "ఫార్మాట్ కొడితే సరిపోతుంది" అని ఎవరైనా అంటే, ముందు మీ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకో మరొక డిస్కులోకో తీసుకుని మాట్లాడండి.

మరమ్మతుకు ఇచ్చే ముందు

ల్యాప్‌టాప్ అంటే నేడు ఇంటి బీరువా వంటిది. స్త్రీల ఫోటోలు, వివాహాల వీడియోలు, ఆధార్ కాగితాలు, బ్యాంకు వివరాలు అందులోనే ఉంటాయి. అవి కుటుంబం మన వద్ద ఉంచిన అమానతు. మేమడిగిన చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డే లేదు. దర్జీ సోదరుని ల్యాప్‌టాప్‌కు కూడా లేదు. "ఇంట్లోవాళ్లే కదా వాడేది" అన్నారు. అది నిన్న రోజంతా బజారులో ఎవరి చేతిలో ఉన్నదో ఆయనకు తెలియదు.

కనుక దుకాణానికి ఇచ్చే ముందు యూఎస్‌బీ కీబోర్డుతో పని నడిపి, ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఫోటోలను ల్యాప్‌టాప్ నుంచి తొలగించి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. బ్రౌజర్‌లో తెరిచి ఉన్న మెయిల్, బ్యాంకు ఖాతాల నుంచి సైన్ అవుట్ కండి. కీబోర్డు మార్చిన తరువాత దానిని సెటప్ తెరలోనే పరీక్షించవచ్చు గనుక, పాస్‌వర్డ్ చెప్పవలసిన అవసరం సాధారణంగా రాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. బోర్డు మార్చినప్పుడు, ఒక్కొక్కసారి సెటప్ అమరికలు మారినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది ఉన్నదేమో ముందే చూసి, కాగితం మీద రాసి ఇంట్లో భద్రపరచుకోండి.

దుకాణంలో మూడు ప్రశ్నలు అడగండి. దోషం ఏ భాగంలో ఉన్నది? అది ఎలా తెలిసింది? ఆ భాగం ఒక్కటే మార్చితే ఎంత అవుతుంది? నిజాయితీగల మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, చూపించి చెబుతాడు. కొన్ని మోడళ్లలో కీబోర్డు విడిగా దొరుకుతుంది. కొన్నింటిలో పైమూతతో కలిసే ఉంటుంది గనుక ఖర్చు పెరుగుతుంది. ఈ తేడా ముందే తెలిస్తే మోసపోయామన్న బాధ ఉండదు. ఖర్చు ముందుగా రాయించుకోండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి. బజారులో ఆ సోదరునితో మదర్‌బోర్డు పోయిందన్నవారు కావాలని అబద్ధమాడారని మేము అనలేము. సెటప్ తెర చూసే తీరిక లేక, అనుమానాన్నే తీర్పుగా చెప్పి ఉండవచ్చు. కాని ఆ తీరికలేనితనం ఒక కుటుంబాన్ని నెలల తరబడి అప్పులోకి నెట్టబోయింది.

ఆ రాత్రి సోదరుడు ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని వెళ్లబోతూ గుమ్మం వద్ద ఆగారు.

"మౌలానా సాబ్, మరి నేనడిగిన మస్‌అలా?"

"అప్పు అవసరమే లేనప్పుడు మస్‌అలా ఎక్కడిది భాయ్? ఇంటికి వెళ్లి, ముందు దానికి పాస్‌వర్డ్ పెట్టించండి. అమ్మాయిని త్వరగా పని ముగించి నిద్రపోమనండి" అన్నాము.

మరునాడు అసర్ వేళకు అమ్మాయి తన తమ్మునితో కబురు పంపింది. రిపోర్టు అందిందట. కుడివైపు షిఫ్ట్ కీ మీద చిన్న కాగితం ముక్క అంటించి, "ఆలోచించేటప్పుడు ఇక్కడ వేలు పెట్టరాదు" అని రాసుకున్నదట.